కౌగిలి ఎరిగిన ఆట

1955వ సంవత్సరం జూలై 17వ తేదీన అమెరికాలో కోట్లమంది ప్రజలు తమ ఇళ్లలో టెలివిజన్ ఎదుట కూర్చుండి ఒక విహారవనం ద్వారాలు తెరుచుకొనడం చూశారు. కాలిఫోర్నియా రాష్ట్రంలో అనహైమ్ అనే ఊరి చెంత 160 ఎకరాల నారింజ తోటలు తీసివేసి, ఒక్క ఏడాదిలో నిర్మించిన డిస్నీలాండ్ అది. ఆనాటి ప్రత్యక్ష ప్రసారాన్ని నిర్వహించిన ముగ్గురు వ్యాఖ్యాతలలో ఒకరు రొనాల్డ్ రీగన్. పాతికేళ్ల తరువాత ఆ దేశానికి అధ్యక్షుడుగా ఎన్నికైన రీగన్‌గారే. తెరమీద అంతా వైభవంగానే కనబడింది. నేలమీద సంగతి వేరు. పిలిచినవారికంటె ఎంతో హెచ్చుమంది, దొంగ టికెట్లవారితో సహా, లోపల చేరారు. కొత్తగా పోసిన తారు ఎండకు మెత్తబడి స్త్రీల జోళ్ల మడమలు అందులో దిగబడ్డాయి. కుళాయి పనివారి సమ్మె కారణాన తాగునీటి కుళాయిలు చాలవరకు పనిచేయలేదు. ప్రసారాల పనిలోనే పొద్దుపుచ్చుతున్నవాడిని గనుక, ఈ వృత్తాంతం చదివినప్పుడల్లా నా సానుభూతి దాహంతో ఉన్న ప్రజలమీదికంటె, గొంతు ఆరిపోతున్నా ఉత్సాహం తగ్గనీయకుండా మాట్లాడిన ఆ వ్యాఖ్యాతల మీదికే ఎక్కువగా పోతుంది.

ఈ విహారవనం టెలివిజన్‌కు బిడ్డ అన్నా అతిశయోక్తి కాదు. దానికి అయిన వ్యయం దాదాపు 1 కోటి 70 లక్షల డాలర్లు. వాల్ట్ డిస్నీ వద్ద అంత సొమ్ము లేదు. అప్పుడు ఎ.బి.సి. అనే ప్రసార సంస్థ 5 లక్షల డాలర్లు మదుపు పెట్టి, మరి 45 లక్షల డాలర్ల అప్పుకు హామీ నిలిచింది. ప్రతిఫలంగా డిస్నీ ఆ సంస్థకు వారం వారం ఒక కార్యక్రమం తయారుచేసి ఇవ్వాలి. 1954 అక్టోబరులో మొదలైన ఆ కార్యక్రమం పేరు కూడా డిస్నీలాండే. ఇంకా గోడలు లేవని వనం పేరు, ద్వారం తెరవడానికి తొమ్మిది నెలల ముందే, ఇంటింటా పిల్లల నోట పలికింది.

ఆ వనం 56 ఏళ్ల తరువాత, 2011 నవంబరులో, మళ్లీ టెలివిజన్ తెరమీదికి వచ్చింది. ఈసారి రాక వేరు. 1955లో మనుషులు టెలివిజన్‌ను చూశారు. 2011లో టెలివిజన్ మనుషులను చూచింది. ఈ రెండవ రాకను గూర్చే నేడు నాలుగు మాటలు చెప్పదలచాను.

మైక్రోసాఫ్ట్ సంస్థ వెలువరించిన ఈ వీడియో ఆట పేరు ‘కైనెక్ట్ డిస్నీలాండ్ అడ్వెంచర్స్’. దీనిని తయారుచేసినవారు అమెరికావారు కారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఉన్న ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ అనే సంస్థవారు. విహారవనాలను కంప్యూటరు తెరమీద కట్టడం వారికి కొత్త కాదు; 2004లోనే ‘రోలర్‌కోస్టర్ టైకూన్ 3’ అనే ఆట చేసి ఉన్నారు. ఇందులో మాత్రం వారు ఊహించి కట్టినది లేదు. అనహైమ్‌లోని వనాన్నే, దాని వీధులు, కోట, కొండ, సరోవరాలతో సహా, ఇంటిలోకి తెచ్చారు.

ఆట ఆడడానికి ఎక్స్‌బాక్స్ 360 అనే యంత్రం, దానికి తోడుగా టెలివిజన్ దగ్గర అమర్చే కైనెక్ట్ అనే పొడుగాటి నల్లని పలక ఉండాలి. 2010 నవంబరులో అమ్మకానికి వచ్చిన ఈ కైనెక్ట్ మొదటి అరవై రోజులలోనే 80 లక్షలు అమ్ముడుపోయింది. చేతిలో మీట లేదు, తీగ లేదు. ఆడే మనిషి కదలికే మీట. ఇది ఎట్లా సాధ్యమైనదో కొంచెం నిదానంగా చెప్పుకుందాం; వినోదంలో కెల్లా వినోదమైనది అదే.

సంక్రాంతి ముగ్గుకు వాకిట చుక్కలు పెడతారు గదా. కైనెక్ట్ పలక కూడా గదినిండా వేలకొలది చుక్కలు చల్లుతుంది. అవి పరారుణ కాంతి చుక్కలు. మన కంటికి కనబడవు. ముగ్గు చుక్కలవలె వరుసలో ఉండవు, ఆవాలు చల్లినట్లు చెదిరి ఉంటాయి. పలకలోనే కొంచెం ఎడంగా అమర్చిన ఒక కెమెరా ఈ చుక్కలను చూస్తుంది. గోడమీద పడిన చుక్కకు, గోడకు ముందు నిలుచున్న మనిషి భుజంమీద పడిన చుక్కకు స్థానంలో కొద్దిపాటి తేడా వస్తుంది. ఆ తేడానుబట్టి భుజం ఎంత దూరంలో ఉన్నదో లెక్క కడుతుంది. సెకనుకు ముప్ఫైసార్లు ఈ లెక్క జరుగుతుంది. అనగా ఈ యంత్రం రంగులను, ముఖాలను లెక్కచేయక, దూరాలతోనే గదిని చూస్తుంది. చీకటి గదిలోనైనా చూడగలదు. ఎండపొడ లోపలికి వస్తేనే తికమకపడుతుంది. సూర్యకాంతిలోనూ పరారుణ కిరణాలు ఉంటాయి గనుక.

దూరాలు తెలిసినంతమాత్రాన ఇది మోచేయి, ఇది మోకాలు అని ఎట్లా తెలుస్తుంది? మనిషికి ఇందులో కష్టం కనబడదు. యంత్రానికి ఇదే బ్రహ్మవిద్య. దీనిని సాధించినవారు కూడా కేంబ్రిడ్జివారే. అక్కడ ఉన్న మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయంలోని శాస్త్రజ్ఞులు. వారు నటుల కదలికలను నమోదు చేసి, వాటిని పొట్టి పొడుగు లావు సన్నం దేహాలకు అన్వయించి, లక్షలకొలది బొమ్మలను కంప్యూటరు చేతనే గీయించారు. ప్రతి బొమ్మలో తల ఏది, అరచేయి ఏది అని గుర్తులు పెట్టి యంత్రానికి చూపించారు. యంత్రం ప్రతి బిందువువద్ద చిన్న చిన్న ప్రశ్నలు వేసుకుంటుంది: దీనికంటె పక్కనున్నది దగ్గరా, దూరమా? పైన ఏమైనా ఉన్నదా, ఖాళీయా? అట్లా ప్రశ్నవెంట ప్రశ్నగా దిగివచ్చి, దేహాన్ని 31 భాగాలుగా విడదీసి, 20 కీళ్లతో ఒక అస్థిపంజరం ఊహించుకుంటుంది. ఏ ఒక్క మనిషినీ అది అంతకుముందు ఎరుగదు. ఎదుటికి వచ్చిన వానిని ఇతడెవరని అడగకుండా ఇతని చేయి ఎక్కడ అని అడిగే యంత్రం ఇది.

ఈ కన్ను చేతికి చిక్కిన తరువాత ఆటగా ఏమి చేయాలన్నది ఫ్రాంటియర్‌వారి సమస్య. వారి సమాధానం సరళమైనది. చేయి ముందుకు చాచితే తెరమీది బాలుడో బాలికో నడుస్తాడు. చేయి పక్కకు తిప్పితే పక్కకు తిరుగుతాడు. ఆడేవారు ఏ వయసువారైనా తెరమీద కనబడేది పిల్లలే. దారిలో మిక్కీ మౌసో గూఫీయో ఎదురుపడితే చేయి ఊపవచ్చు, సంతకం అడగవచ్చు. రెండు చేతులూ బారజాచితే కౌగిలించుకుంటారు. ఇక వనంలోని సవారీలు. అసలు డిస్నీలాండ్‌లో పీటర్ పాన్ సవారీ అనగా పైనున్న పట్టాకు వేలాడే చిన్న ఓడలో కూర్చుండి, రాత్రివేళ దీపాల లండన్ నగరంమీదుగా సాగిపోవడం. మూడు నిమిషాలు పట్టదు. ఆ మూడు నిమిషాలకోసం ఎండలో బారులు తీరి నిలుచుంటారు. ఆటలో ఓడ లేదు. మీరే చేతులు రెక్కలవలె చాచి, ఎడమకు ఒరిగితే ఎడమకు, కుడికి ఒరిగితే కుడికి ఎగురుతారు. బారులు లేవు. ఒకరు ఆడుతుండగా రెండవవారు వచ్చి పక్కన నిలుచుంటే చాలు, వారూ ఆటలో చేరిపోతారు.

దీనిలో లోపాలు లేవని కాదు. వనమంతటా నాణేలు చల్లి ఉంచారు. అవి ఏరుతూ పోవాలి. ఎదురైన ప్రతివారూ ఏదో ఒకటి వెదికి తెమ్మంటారు. విహారానికి వెళ్లినవాడిని ఇంటిపనులకు పంపినట్లు ఉంటుంది. మనం చేయి ఎత్తినదానికీ తెరమీద చేయి లేచేదానికీ నడుమ కొద్దిపాటి జాప్యం కూడా ఉన్నది. అదీగాక ఒకరు ఆడాలంటే పలకకు ఆరడుగుల ఎడం, ఇద్దరు ఆడాలంటే ఎనిమిది అడుగులు ఖాళీగా ఉండాలి. నడుమ బల్ల పనికిరాదు. మన పట్టణాలలో రెండు గదుల వాటాలలో ఉండేవారు ఈ ఆటకోసం ముందు మంచం వీధిలో పెట్టుకోవాలి.

నేను ఈ ఆటను చూచినది 2012 వేసవిలో, కాలిఫోర్నియాలో మా అక్కయ్యగారి ఇంట. అమ్మను వెంటబెట్టుకొని వెళ్లాను. అప్పటికి అమ్మకు అరవైరెండేళ్లు. మోకాళ్ల నొప్పులు అప్పుడే మొదలైనవి. మేనకోడలికి ఆరేళ్లు. మనుమరాలితో డిస్నీలాండ్ చూడాలని అమ్మ ఎన్నాళ్లుగానో అనుకుంటున్నది. బావగారు ఒక శనివారం మమ్మల్ని తీసుకొని వెళ్లారు. ద్వారం దాటిన తరువాత వచ్చే ప్రధాన వీధిలో మేడల పై అంతస్తులను కింది అంతస్తులకంటె చిన్నవిగా కట్టి, ఉన్నదానికంటె ఎత్తుగా కనబడేట్లు చేశారు. దూరాన కనబడే కోట కూడా అట్లాంటిదే, నిజానికి 77 అడుగులే. ఈ కనికట్టు అంతా నేను అమ్మకు వివరిస్తూ ఉండగానే ఆమె నడక మందగించింది. చక్రాల కుర్చీ తెస్తామని బావగారు అన్నారు. “నాకేం బాబూ, నేను నడవగలను,” అన్నది. కోట ముందర బల్లమీద కూర్చుండిపోయింది. మేము బారులలో నిలబడి ఒక్కొక్కటే చూచి వచ్చేసరికి సాయంకాలమైంది. చేతిసంచీ ఒడిలో పెట్టుకొని, వచ్చేపోయే జనాన్ని చూస్తూ అక్కడే ఉన్నది. “బాగున్నదిరా, పిల్లలు ముచ్చటగా ఉన్నారు,” అన్నది. పీటర్ పాన్ సవారీ ఎట్లా ఉంటుందని మాత్రం దారిలో రెండుసార్లు అడిగింది.

మరునాడు మేనకోడలు చావడిలో సోఫా జరిపించి, అమ్మమ్మను తెచ్చి టెలివిజన్ ముందు నిలబెట్టింది. అమ్మ కట్టుకున్నది గంజిపెట్టిన నేత చీర. ఆ కుచ్చిళ్లలో మోకాళ్లు ఎక్కడ ఉన్నవో పాపం యంత్రానికి అంతుపట్టలేదు. లక్షల బొమ్మలు చూచి నేర్చిన ఆ విద్యలో చీర పాఠం ఎంతవరకు ఉన్నదో నాకు తెలియదు గాని, తెరమీది నీలం గౌను పిల్లకు కాళ్లు మెలికలు పడిపోయాయి. “అమ్మమ్మా, దోపుకో!” అన్నది మనుమరాలు. అమ్మ కళ్లాపి చల్లేవేళ దోపుకున్నట్లు కుచ్చిళ్లు ఎగదోపుకొని, కొంగు నడుముకు చుట్టి నిలుచున్నది. తెరమీది పిల్ల కాళ్లు చక్కబడ్డాయి.

తరువాత ఆమె ఎగిరింది. వేరే మాట నాకు దొరకలేదు. చేతులు రెండూ చాచి, పెదవి బిగించి, లండన్ మేడల కప్పుల నడుమ, గడియార స్తంభం పక్కగా ఒరుగుతూ పోయింది. నొప్పులున్నవని చేయి పట్టుకోబోయాను. అక్కయ్య నన్ను ఆపింది. మూడవ మనిషి నడుమ వస్తే యంత్రం తడబడుతుందట.

ఎగరడం ముగిసి వీధిలోకి వచ్చిన తరువాత మిక్కీ ఎదురైంది. అమ్మ నమస్కారం చేసింది. మిక్కీ ఊరక నిలుచున్నది. జోడించిన చేతులు ఆ ఆటకు తెలియవు. “అట్లా కాదు అమ్మమ్మా, కౌగిలించుకోవాలి,” అన్నది పిల్ల. మా అమ్మ తరంవారికి ఇది అలవాటులేని పని. ఊరినుంచి వచ్చిన కొడుకునైనా తల నిమిరి లోపలికి రమ్మంటుందేగాని కావలించుకొనడం ఉండదు. ఒక్క క్షణం తటపటాయించి చేతులు బారజాచింది. తెరమీద నీలం గౌను పిల్ల మిక్కీని హత్తుకున్నది. ఇవతల అమ్మ చేతుల నడుమ ఏమీ లేదు. ఆ ఖాళీలోకి మేనకోడలు పరుగున వెళ్లి అమ్మమ్మ నడుము చుట్టేసింది. అమ్మ చేతులు దానిమీద మూసుకున్నాయి.

తెరమీది బొమ్మలు రెండూ ఉన్నచోటనే ఆగిపోయాయి. యంత్రం దూరాలతో చూస్తుందని చెప్పాను గదా. రెండు దేహాలు ఒకటిగా కలిసిపోయేసరికి ఏ చేయి ఎవరిదో దానికి తెలియలేదు. గాలిని కౌగిలించుకుంటే గుర్తించిన ఆట, మనిషిని కౌగిలించుకుంటే ఇద్దరినీ పోగొట్టుకున్నది. ఆటగాళ్లు కనబడడం లేదని తెరమీద ఏదో సూచన వచ్చింది. దానిని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తరువాత ఈ యంత్రం కథ చిత్రంగా నడిచింది. శస్త్రచికిత్సా మందిరాలలో వైద్యులు తొడుగులు విప్పకుండా, ఏదీ తాకకుండా ఎక్స్‌రే చిత్రాలు తిప్పి చూడడానికి కైనెక్ట్‌ను వాడి చూచారు. ఆటలాడే ఇళ్లలో మాత్రం మోజు తగ్గింది. 2013లో కొత్త ఎక్స్‌బాక్స్‌తోపాటు మెరుగైన కైనెక్ట్‌ను కలిపి అమ్మారు. ఏడాది తిరగకుండా అది లేకుండానే యంత్రాన్ని అమ్మడం మొదలుపెట్టారు. 2017 అక్టోబరులో దాని తయారీయే నిలిపివేసినట్లు మైక్రోసాఫ్ట్‌వారు ప్రకటించారు. సరిగా అదే మాసం చివరి దినాన డిస్నీలాండ్ ఆటను మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేశారు. పేరులోనుంచి కైనెక్ట్ అనే మాట తీసివేశారు. పాత పద్ధతిన ఆడదలచినవారికి వీలు ఉంచినా, చేతిలో కంట్రోలరు పట్టుకొని కూర్చుండి ఆడుకొనే ఏర్పాటు చేశారు.

ఆ రెండవ కూర్పును నేను ఒక మిత్రుని ఇంట చూచాను. చిత్రం మునుపటికంటె ఎంతో స్పష్టంగా ఉన్నది. జాప్యం లేదు. నిలబడలేనివారు కుర్చీలో కూర్చుండి ఆడవచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు నిజానికి ఇదే తగినదని ఎవరైనా అంటే నేను కాదనలేను. మిక్కీ ఎదురైంది. మిత్రుని కుమారుడు ఒక మీట నొక్కాడు, కౌగిలి అయిపోయింది. మరొక మీట నొక్కాడు; నాణెం దొరికింది. రెండింటికీ బొటనవేలు కదిలింది అంతే. ఆట నడుస్తున్నంతసేపు ఆ పిల్లవాడు మంచంమీద పడుకొనే ఉన్నాడు. అనహైమ్ వనం వీధి వీధీ అట్లాగే ఉన్నది. దేహం చేసే పని తీసివేస్తే, మొదట నేను లోపమని చెప్పిన నాణేల ఏరుడు ఒక్కటే మిగిలినట్లు నాకు తోచింది. నిర్మాతలను తప్పుపట్టలేము. యంత్రమే లేనప్పుడు వారేం చేస్తారు? వనాన్ని దక్కించుకోవాలంటే కౌగిలిని మీటగా మార్చక తప్పలేదు.

దక్కించుకొనడం అన్నమాట ఊరక అనలేదు. అసలు డిస్నీలాండ్ ఎన్నటికీ పూర్తి కాదని వాల్ట్ డిస్నీయే చెప్పేవాడు. 1966లో ఆయన పోయిన తరువాత కూడా అది మారుతూనే ఉన్నది. 2019లో స్టార్ వార్స్ కథల పేట ఒకటి కొత్తగా వెలిసింది. మిక్కీ ఇల్లు ఉన్న టూన్‌టౌన్‌ను 2022లో మూసి, మార్పులు చేసి 2023లో తెరిచారు. 2011 నాటి వనంలో నడవదలచినవారికి ఈ ఆట తప్ప వేరే దారి లేదు. పాత రికార్డులు ఉండి, వాటిని పలికించే యంత్రాలు మూలబడితే ఏమవుతుందో మా రేడియోవారికి బాగా తెలుసు. అందుచేత ఈ విషయంలో నా మనసు కొంచెం త్వరగా కలతపడుతుందేమో.

ఆ చుక్కల విద్య మాత్రం మూలబడలేదు. కైనెక్ట్‌లోని ఆ పద్ధతి ప్రైమ్‌సెన్స్ అనే ఇజ్రాయెల్ సంస్థది. 2013లో ఆ సంస్థను ఆపిల్‌వారు కొన్నారు. 2017 నవంబరులో, కైనెక్ట్ ఆగిపోయిన మరుసటి మాసమే, వారి కొత్త టెలిఫోను నుదుట కంటికి కనబడని చుక్కలు చల్లే చిన్న సాధనం ఒకటి అమరింది. గదిని చూడవలసిన పని దానికి లేదు. ఎదుట ఉన్న ముఖం యజమానిదా కాదా అని తేల్చుకొని తలుపు తీస్తుంది.

మేనకోడలు ఇప్పుడు కళాశాలలో చదువుతున్నది. మొన్న వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు షెడ్డులో అట్టపెట్టెలు సర్దుతుంటే ఆ నల్లని పలక బయటపడిందట. పాత ఎక్స్‌బాక్స్‌కు తగిలించి చూచిందట. అమ్మ నా దగ్గరే ఉంటున్నది. రెండు మోకాళ్లకూ శస్త్రచికిత్స అయింది. ఆదివారం టెలిఫోనులో ఆ సంగతి చెబుతూ పిల్ల అన్నది: “ఇంకా పనిచేస్తున్నది అమ్మమ్మా. కొంచెంసేపు వెదుక్కున్నది, తరువాత నన్ను పట్టుకున్నది. నీ నీలం గౌను పిల్ల కూడా అందులో అట్లాగే ఉన్నది.”

అమ్మ ఒక నిమిషం ఆలోచించింది. “దాని కాళ్లు బాగానే ఉన్నవా?” అని అడిగింది.